గుంజుకోవడానికి ఇంగ్లీషు మాట

ఏప్రిల్ 7, సోమవారం

గుర్గావ్ కంపెనీ కొత్త పని పంపింది. దక్షిణ అమెరికాలో ఏదో దేశం. దేశం పేరు కూడా కొట్టేసి పంపారు, రహస్యమట. పిల్లల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఎవరికో చెప్పుకున్న మాటలు. స్పానిష్‌లోంచి ఇంగ్లీషులోకి తేవాలి. పుస్తకం వేస్తారట. వేయనీ. ఏసీ గదిలో కూర్చుని చదివి, కళ్లు తుడుచుకుని, కాఫీ తెప్పించుకునే వాళ్లకు కూడా ఏదో ఒక పుస్తకం ఉండాలి కదా.

మొదటామె పేరు రొసాల్బా. బట్టలు ఉతికే మనిషి. చదువు లేదు, ఆ సంగతి మూడో వాక్యానికే తెలిసిపోయింది. ఒక డాక్టరు ఇంట్లో పనికి పోయేది. ఈమె ఉతుకుతున్నంతసేపు డాక్టరు భార్య ఈమె బిడ్డను ఆడించేది. తర్వాత పగలంతా ఆ ఇంట్లోనే, తర్వాత రాత్రులు కూడా అక్కడే. చివరికి బిడ్డ వాళ్లదైపోయింది. ఇప్పుడు ముసలిదై కూర్చుని ఏడుస్తోంది. నువ్వే తీసుకెళ్లి వాళ్ల వాకిట్లో దించి నువ్వే ఏడిస్తే ఎలా?

ఆమె వాడిన క్రియ అర్రెబతార్. లాక్కోవడం, గుంజుకోవడం. మామూలుగా తీసుకోవడానికి స్పానిష్‌లో కితార్ ఉంది. చేత్తో గట్టిగా పట్టుకోవడానికి అగర్రార్ ఉంది. అవి కాదని అన్నిటికంటే గట్టిదాన్ని ఏరుకుంది. ఏడుపుకు బలం రావాలని కాబోలు. నేను 'టుక్' అని పెట్టాను. తీసుకున్నారు. జరిగింది అంతే.

ఒంటిపూట బడి. స్పందన మధ్యాహ్నానికే ఇంటికొచ్చి రంగులు వేసుకుంటూ ఉండగా వనిత ఫోన్ చేసింది. నిద్రపోతోందని చెప్పాను. పరీక్షల ముందు పిల్లకు ఆ గోల ఎందుకు? ఫోన్ చేతికిస్తే అరగంట. "తిన్నవా బిడ్డా, ఏం తిన్నవ్, ఇంకేం తిన్నవ్." ఆ మనిషికి ఇంకో మాట రాదు.

ఏప్రిల్ 8

'టుక్' మరీ మెత్తగా ఉందట. దీపిక రాసింది, నా పని దిద్దే పిల్ల. హైదరాబాద్‌లో పుట్టి, స్పెయిన్‌లో ఏదో చిన్న కోర్సు చేసి, పుణెలో కూర్చుని నాకు ఇంగ్లీషు నేర్పుతోంది.

ఏప్రిల్ 10

ఒకసారి రాసిపెట్టుకుంటే మంచిది. రేపు ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఉంటుంది.

నా తమ్ముడు దయానంద్ ఇంత లోకంలో ఏరి ఏరి తండా పిల్లను ప్రేమించాడు. మా బాన్సువాడ నుంచి బిచ్కుంద దాటాక లోపలికి పోవాలి. అమ్మ ఏమీ అనలేదు. దవాఖానలో నర్సుగా చేసి చేసి అమ్మకు అందరూ ఒకటే అయిపోయారు. వీడు పెళ్లి చేసుకుని, బిడ్డను కని, మస్కట్‌కు పోయి లారీ తోలుకుంటున్నాడు. ఇక్కడ వనితకు టీబీ వచ్చింది. మందులు మొదలుపెట్టగానే పిల్లను కొన్నాళ్లు దూరంగా ఉంచమన్నారు. నేనే పోయి స్పందనను తెచ్చాను. అప్పటికి సరిగ్గా మాటలు కూడా రావు. వనిత గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది, దగ్గరికి రాలేదు. రాకూడదన్న తెలివి ఉంది, అంతవరకు మెచ్చుకోవచ్చు.

దానికి నయమైంది. అప్పటికి వానలు, దారి బాగాలేదు. తర్వాత బడి మొదలైంది. తర్వాత పిల్లకు అమ్మవారు పోసింది. తర్వాత బడి మధ్యలో మాన్పించడం ఎలా? వనిత అడిగినప్పుడల్లా ఒక కారణం ఉంది. ఆ కారణాలను నేను పుట్టించలేదు.

నిజామాబాద్‌లో నా కాపురం ముగిసింది. పిల్లలు లేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి వనిత మా మెట్ల మీద కూర్చుని ఉంది. చెప్పి రావచ్చు కదా. చెబితే మేం ఇంట్లో లేకుండా పోతామని భయం కాబోలు. చేతిలో కవరు. అందులో పల్లీ పట్టీలు, జడ రిబ్బన్లు, సీతాకోకచిలుక క్లిప్పులు.

నిన్ననే స్పందనకు జుట్టు కత్తిరించి తెచ్చాను. పేలు పడ్డాయి. నిజంగానే పడ్డాయి, రెండు.

వనిత పిల్ల తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"జుట్టెందుకు తీపిచ్చిండ్రు వదినా?"

"పేలు."

"నేనొచ్చి తీస్తుంటి గద."

"పేలు తీసేతందుకు బస్సెక్కి వస్తవా?"

"వస్త," అంది.

ఇలాంటి జవాబులకు ఏమంటాం. బిచ్కుందలో ఎవరి దుకాణంలోనో రవికలు కుడుతుంది. అక్కడ ఒకరోజు పని మాని పేలు తీయడానికి వస్తుందట. మంచీ చెడూ, ముందూ వెనకా ఏమీ ఉండదు ఈ మనుషులకు.

స్పందన కవరులోంచి రిబ్బన్లు తీసి పట్టుకుంది. "అమ్మా, ఇవి ఇప్పుడేం జేస్కోవాలె?" అంది.

వనితా నేనూ ఒకేసారి "ఆ?" అన్నాం.

స్పందన నా వైపు చూసింది. అది నన్ను అడిగింది.

అమ్మ అని పిలవమని నేనెప్పుడూ చెప్పలేదు. పిలిచినప్పుడు దిద్దలేదు, అంతే. పక్కింటి వాళ్ల పిల్లలు వాళ్లమ్మను పిలుస్తుంటే విని అలవాటు చేసుకుంది. పసిదాని నోరు నొక్కనా?

వనిత కాసేపటికి పిల్లను దగ్గరికి తీసుకుని వాళ్ల భాషలో ఏదో అడిగింది. స్పందన ముఖం చిట్లించింది.

"అట్ల మాట్లాడొద్దు ఆంటీ. అమ్మ కోప్పడ్తది."

వంటింట్లో మా అమ్మ చేతిలోంచి గరిటె కిందపడింది. వనిత నా వైపు తిరిగింది. కోపంగా కాదు. దానికి నా మీద కోప్పడే ధైర్యం లేదు.

"మీరు ఎక్కడ్దో దేశం బాస నేర్చుకున్నరు వదినా. మా బాస మాత్రం ఇంట్ల ఒద్దా?"

"ఇంగ్లీషు మీడియంల చదువుతుంది. రెండూ కలిపితే వెనుకబడ్తది. దాని మంచికే చెప్తున్న."

"సెలవులియ్యంగనే తీస్కపోత," అంది. "మల్ల బడి గూడ బిచ్కుందలనే ఏస్త. ఇగ నాదగ్గరనే ఉంటది."

"చూద్దాం," అన్నాను.

"చూసుడు కాదు వదినా. తీస్కపోత."

బస్సుకు వేళైందని పోయింది. పల్లీ పట్టీలు పిల్లకు పెట్టలేదు, పళ్లు పాడవుతాయి. అమ్మ తింది. మొండిగా, నాకు కనబడేలా కూర్చుని తింది.

ఏప్రిల్ 15

దీపిక మళ్లీ తిప్పి పంపింది. ఈసారి అసలు వాక్యం కింద ఎర్ర గీత గీసింది. రొసాల్బా అన్నది 'మె ల అర్రెబతారోన్' కాదు, 'మె ల ఫ్వేరోన్ అర్రెబతాందో'. మొదటిదైతే నా నుంచి దాన్ని లాక్కున్నారు, అయిపోయింది. రెండోదైతే లాక్కుంటూ పోయారు, కొంచెం కొంచెంగా, ఒకరోజు కొంత, ఇంకోరోజు ఇంకొంత. నేను ఆ తేడా వదిలేశానట.

వదిలేయలేదు. దిద్దాను. లాక్కోవడం అంటే ఒక్క క్షణంలో అయిపోయేది. కొంచెం కొంచెంగా ఎవరైనా ఎలా లాక్కుంటారు? కొంచెం కొంచెంగా జరిగితే అది లాక్కోవడం ఎలా అవుతుంది? బట్టలుతికే మనిషికి క్రియలు కలపడం రాక ఏదో అంటే, దాన్ని పట్టుకుని ఈ పిల్ల సాహిత్యం చేస్తోంది.

సరే, మాటలే చూద్దాం. స్నాచ్. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాన్సువాడ బస్టాండులో ఆడవాళ్ల మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుని బండి మీద పారిపోయేవాడు కనబడతాడు. పేపరు వాళ్లు ఆ మాటను గొలుసులకు అంకితం చేసేశారు. సీజ్ అంటారా, అది మంజీర ఇసుక ట్రాక్టర్లకు పోయింది. తహసీల్దారు వస్తాడు, సీజ్ చేస్తాడు, ఫొటో దిగుతాడు. టోర్ అంటే చించేయడం, అది మరీ సినిమా. ఇంగ్లీషు వాళ్లకు దోచుకోవడం వచ్చు కానీ దోపిడీకి గురవడం గురించి సరైన మాట ఒక్కటీ లేదు.

'టుక్ హర్ అవే' అని పంపాను. 'అవే' చేర్చాను. చాలు దీపికకు.

రొసాల్బా ఇంకో మాట కూడా అంది. 'వాళ్లు నాతో మంచిగానే ఉండేవారు. పాత గౌన్లు ఇచ్చేవారు.' చూశారా? మంచిగా ఉండేవారట. ఆ మాట దగ్గర దీపిక గీత గీయలేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

చర్చిలో మూడు గంటలు కూర్చుని వచ్చాక అమ్మ పెరట్లో మామిడికాయలు తరుగుతూ పిలిచింది. ఎదురుగా కూర్చోబెట్టింది. శాంతకుమారి సిస్టరమ్మ అంటే ఊరంతా లేచి నిలబడుతుంది, నేను మాత్రం చిన్నప్పటి నుంచి ఎదురుగా కూర్చుని ఉపదేశాలు వింటున్నాను.

"పిల్లను పంపియ్యి బిడ్డా."

"ఎక్కడికి? ఆ తండాకా?"

"వాళ్లమ్మ దగ్గరికి. వనితకు మందులు నేను ఇప్పిచ్చిన. నయమైందని నీకు నేనే చెప్పిన. నువ్వు ఇనపడనట్టు చేసినవ్."

"అప్పుడు నువ్వు పంపియ్యమనలే గద."

అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "అనలే. నువ్వు నవ్వుతుంటివి. నిజామాబాద్ నుంచి ఒచ్చినంక నువ్వు నవ్వంగ నేను చూడలే. పిల్ల ఒచ్చినంకనే చూసిన. గందుకే నోరు మూస్కున్న. గది నా తప్పు."

ముక్కలకు ఉప్పు కలిపి ఎండకు పెట్టింది. ఇన్నేళ్లు సూదులు గుచ్చిన చెయ్యి, ఎక్కడ గుచ్చాలో దానికి బాగా తెలుసు.

ఏప్రిల్ 20

ఈస్టర్. స్పందనకు తెల్ల గౌను. వనిత దగ్గర్నుంచి ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

ఏప్రిల్ 21

నేనే దయానంద్‌కు ఫోన్ చేశాను. అటు పక్క లారీల చప్పుడు.

"వనిత బడి మార్పిస్తనంటుంది. నువ్వేమంటవ్?"

"నేనేమంట అక్కా. నువ్వు చదువుకున్నదానివి. ఎట్లంటే గట్లనే."

"ఆమెకు నువ్వు చెప్పు."

"చెప్త," అన్నాడు. చెప్పడు. పెళ్లాం దగ్గర పెళ్లాం మాట, అక్క దగ్గర అక్క మాట. చిన్నప్పుడు ఇద్దరు టీచర్ల దగ్గరా రెండు పేర్లు చెప్పి తప్పించుకున్న ఘనుడు. వెన్నెముక లేనివాడని తిట్టుకుంటాను కానీ ఈసారి అది లేకపోవడమే మంచిదైంది.

ఏప్రిల్ 23

బడికి రేపటి నుంచి సెలవులు. స్పందనను తీసుకుని పొద్దున్నే హైదరాబాద్ బస్సు ఎక్కుతున్నాను. నా స్నేహితురాలి ఇల్లు ఖాళీగా ఉంది, జూన్ దాకా ఉండొచ్చు. పెద్ద గాజు తొట్టెల్లో చేపల్ని చూపిస్తానని చెబితే పిల్ల మంచం మీద ఎగిరింది. లాప్‌టాప్ ఉంటే నాకు ఏ ఊరైనా ఒకటే.

ఇది పారిపోవడం కాదు. సెలవులకు జనం ఊళ్లకు పోతారు.

అమ్మకు చెప్పాను. చెప్పకుండా పోతే బాగుండదని. అమ్మ ఏమీ అనలేదు.

ఏప్రిల్ 24

అమ్మ వనితకు ఫోన్ చేసి చెప్పింది. కన్నతల్లి.

బస్సు వచ్చి ఆగింది. బట్టల సంచి పైన పెట్టి, లాప్‌టాప్ భుజానికి తగిలించుకుని, పిల్లను ఎక్కించబోతున్నాను. అప్పుడే బిచ్కుంద బస్సు లోపలికొచ్చింది. అది పూర్తిగా ఆగకముందే వనిత దూకింది. వెనక వాళ్ల నాన్న ఫూల్‌సింగ్, ధోవతి పైకి పట్టుకుని మెల్లగా దిగాడు.

వనిత వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది. రొప్పుతోంది. పిల్లను ముట్టుకోలేదు.

"ఎక్కడికి వదినా?"

"హైదరాబాద్. నాలుగు రోజులు తిప్పి తెస్త."

"అత్తమ్మ జూన్ దాక అన్నది."

కండక్టరు "ఎక్కుతరా లేదా అమ్మా, టైమైతుంది" అన్నాడు. జనం మూగారు. ఈ ఊళ్లో జనానికి ఇంకో పని ఉండదు, పల్లీలు తింటూ మరీ చూస్తారు. నేను స్పందన మణికట్టు పట్టుకుని ఉన్నాను. రోడ్డు మీద పిల్లల చెయ్యి పట్టుకుంటాం కదా, అలా.

ఫూల్‌సింగ్ ముందుకొచ్చి నాకు దండం పెట్టాడు. ఆ వయసువాడు నాకు దండం పెట్టడమేమిటి. "అమ్మా, పిల్లను ఇయ్యుండ్రి. మీకు పుణ్యముంటది. మేం ఎన్నడన్న మీకు ఎదురు జెప్పినమా?"

"ఇక్కడ ఏం తక్కువైందని? అక్కడ ఎవరు చదివిస్తరు? నువ్వా?"

ముసలాయన తల వంచుకున్నాడు. సరిగ్గానే తగిలింది. వనిత ఫోన్ తీసి, దయానంద్‌కు కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"అక్కా," అన్నాడు వాడు. వెనక లారీల చప్పుడు. "అక్కా, పిల్లను వనితకియ్యి."

"మొన్న ఏమన్నవురా నువ్వు?"

"మొన్న గట్లన్న. తప్పన్న. వనిత రాత్రంత ఏడ్సింది అక్కా, నేను ఫోన్ల ఇనుకుంటనే ఉన్న. ఇడువు ఇగ."

వీడికి ఇప్పుడు వచ్చింది వెన్నెముక. బస్టాండులో, స్పీకరులో.

నేను చెయ్యి వదల్లేదు. ఎందుకు వదలాలి? వనిత పక్కనుంచి దూరి రెండో మెట్టు మీదికి ఎక్కి, పిల్లను పైకి లాగాను. వనిత పిల్ల రెండో చేతిని పట్టుకోలేదు. పట్టుకుంటుందని చూశాను. పట్టుకుంటే బాగుండేది. ఇద్దరం లాగేవాళ్లం.

"గుంజకుండ్రి వదినా," అంది. "నేను గుంజుతలేను. దాని చెయ్యి ఇరుగుతది."

స్పందన ఏడుపు మొదలుపెట్టింది. "నొస్తుందమ్మా" అంది. నన్నే పిలిచింది. నాకు తెలుసు, నన్నే. చెయ్యి నొప్పి పెడుతోందని నాకే చెప్పింది.

అప్పుడు వదిలాను. ఎవరూ విడిపించలేదు. రాసిపెడుతున్నాను, నేనే వదిలాను.

పిల్ల మణికట్టు మీద నా వేళ్లు ఎర్రగా పడ్డాయి. వనిత కిందకూర్చుని, నీళ్ల సీసా తీసి, ఆ చేతి మీద పోసి, చీర కొంగుతో తుడిచింది. స్పందన దాని భుజం మీద తల పెట్టలేదు, తల తిప్పి నా వైపు కూడా రాలేదు. మధ్యలో నిలబడి ఎక్కిళ్లు పెట్టింది.

వనిత తుడుస్తూనే, నా వైపు చూడకుండా మాట్లాడింది. "మొదట్ల నేను తిరిగిపోతుంటే ఏడుస్తుండె. మల్ల ఏడుసుడు బంద్ జేసింది. మల్ల ఫోన్ల మాట్లాడుడు బంద్ జేసింది. మల్ల ఆంటీ అన్నది. నేను అన్ని చూసుకుంటనే ఊకున్న. మీరు పెద్దోళ్లు, నాకు కష్టమొస్తే ఆదుకున్నరు, ఎట్ల అడగాలె అని ఊకున్న. ఇంకొన్నొద్దులు ఊకుంటే నన్ను ఎవలని అడుగుతుండె."

హైదరాబాద్ బస్సు పోయింది. నా సంచి దాని పైనే పోయింది. వాళ్లు పిల్లను తీసుకుని బిచ్కుంద బస్సు ఎక్కారు. సంచి పోయిన సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఏప్రిల్ 25

తిరిగి వస్తుంది. అక్కడ కరెంటు ఉండదు, ఇంగ్లీషు ఉండదు, కార్టూన్లు ఉండవు. పిల్ల ఏడుస్తుంది, వీళ్లు విసుగెత్తి తెచ్చి దింపుతారు. నేను గుమ్మంలోకి కూడా పోను. రానీ.

ఏప్రిల్ 27

చర్చిలో పిల్ల ఏదని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. సెలవులకు పోయిందని చెప్పాను.

ఏప్రిల్ 29

అమ్మతో మాట్లాడటం లేదు.

మే 1

ఇల్లు ప్రశాంతంగా ఉంది. పని బాగా సాగుతోంది. ఒకే పూట మిగతా ఇద్దరు ఆడవాళ్ల మాటలూ పూర్తి చేశాను. ఇద్దరూ రొసాల్బా కంటే తిన్నగా మాట్లాడతారు. ఒకామె బిడ్డను సైనికులు వచ్చి తీసుకుపోయారు, జీపు, తుపాకీ, ఆ రాత్రే అంతా అయిపోయింది. అలాంటివి అనువదించడం సులువు.

మే 2

అమ్మ వండింది తినలేదు. తర్వాత తిన్నాను.

మే 3

తిరిగి రాలేదు.

మే 6

రొసాల్బాను మళ్లీ మొదటి నుంచి చదివాను. పని ముగించి పంపాలి కదా, అందుకు.

మొదటిసారి చదివినప్పుడు ఒక చోట కళ్లు జారిపోయాయి. ఆమె ఉతికిన బట్టలు ఇవ్వడానికి లోపలికి వెళ్తే, బిడ్డ ఆమెను చూసి, డాక్టరు భార్య దగ్గరికి పరుగెత్తి, 'పనమ్మాయి వచ్చింది' అని చెప్పిందట. ఈమె బట్టలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చేసిందట. ఆ రోజు గొడవ చేయలేదట. 'చేయాల్సింది ఆ రోజే. కానీ ఆ రోజు వాళ్లు ఏమీ చేయలేదు కదా, పిల్ల ఒక మాట అంది, అంతే' అంటుంది.

ఇంత తెలిసిన మనిషికి క్రియలు కలపడం రాదని రాశాను నేను.

'టుక్ హర్ అవే' కొట్టేశాను. 'లిటిల్ బై లిటిల్ దే స్నాచ్డ్ హర్ ఫ్రమ్ మీ' అని పెట్టి పంపాను.

గంటలో దీపిక ఫోన్. ఎప్పుడూ ఫోన్ చేయదు, కామెంట్లలోనే పాండిత్యమంతా చూపిస్తుంది.

"మేడమ్, మెత్తగా ఉంది అన్నది నేనే. కానీ ఇది కుదరట్లేదు. స్నాచ్ అంటే ఒక్కసారిగా కదా. లిటిల్ బై లిటిల్ పక్కన పెడితే తప్పులా కనిపిస్తోంది. చదివేవాళ్లు ఆగిపోతారు."

"ఆగిపోనీ."

"ఎడిటర్ ఒప్పుకోరేమో. 'గ్రాడ్యువలీ టుక్' అందామా? బాగా నడుస్తుంది."

బాగా నడుస్తుందట. నెల రోజులు నా వెంటపడి, ఇప్పుడు నా పాత మాటకే వచ్చింది. నవ్వొచ్చింది.

"దీపికా, ఆమె గుంజుకున్నరన్నది. కొంచెం కొంచెంగా అన్నది. రెండూ ఆమెనే అన్నది. ఒకటి తీసెయ్యడానికి నువ్వెవరు, నేనెవరు?"

"కానీ మేడమ్, లాజికల్‌గా కొంచెం కొంచెంగా ఎవరైనా ఎలా..."

"అవుతది," అన్నాను. "అట్లనే అవుతది. నాకు తెలుసు."

"సరే మేడమ్, అలాగే ఉంచుదాం," అంది చివరికి. గొంతు మారింది. జాలి కాబోలు. ఆ పిల్ల జాలి నాకేం చేసుకోను.

మే 18, ఆదివారం

అమ్మ ఆవకాయ పెట్టింది. వనితకు ఒక సీసా పంపాలంది. ఎవరు తీసుకెళ్తారు? "నేను మోకాళ్లతోని బస్సెక్కలేను" అని నా వైపు చూసింది. దొంగ మోకాళ్లు. చర్చిలో గంటలు గంటలు వంగుతాయి.

వెళ్లాను. పచ్చడి ఇచ్చి రావడానికి.

బిచ్కుందలో దిగి ఆటో. తండా మొదట్లో వేపచెట్టు కింద ఆటో ఆపి, "గా రేకుల ఇల్లు" అన్నాడు. ఇల్లు నేననుకున్నంత మురికిగా లేదు, చిమ్మి ఉంది. వనిత తల్లి సక్రి నన్ను చూసి, మంచం మీద బొంత పరిచి, చెంబుతో నీళ్లిచ్చింది. ఫూల్‌సింగ్ బయటికి పోయాడు. బస్టాండులో నేనన్న మాట అతనికి గుర్తుంది. నాకూ గుర్తుంది.

వనిత మిషన్ దగ్గర ఉంది. లేచి, "కూసోండ్రి వదినా" అని, సీసా అందుకుని వాసన చూసి, "అత్తమ్మ చెయ్యి," అంది. మళ్లీ మిషన్ మీద కూర్చుంది. ఆ రవిక ఎవరికో సాయంత్రానికి ఇవ్వాలట.

స్పందన ఇంటి వెనక నుంచి వచ్చింది. ఒళ్లంతా దుమ్ము. జుట్టు కాస్త పెరిగింది. ఆ కాస్త జుట్టుకే ఏదో క్లిప్పు అంటించారు, అది జారి చెవి మీద వేలాడుతోంది. నన్ను చూసి ఆగిపోయింది. తల్లి వైపు చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"అత్తా," అంది.

నేను వనితను చూశాను.

"నేను నేర్పలే," అంది అది, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఒక దినం కూసోని అదే అడిగింది. గా బాన్సువాడ అమ్మ ఎవరు, నువ్వెవరు అని. నేను దాని నాయనకు ఫోన్ కలిపి ఇచ్చిన. ఆయన చెప్పిండు."

స్పందన వచ్చి పక్కన కూర్చుంది. చేపలు చూశావా అని అడిగింది. చూడలేదన్నాను. మేక ఈనిందని, పిల్లలు రెండని, ఒకటి తనదని చెప్పింది. సక్రి ఏదో అంటే వాళ్ల భాషలో జవాబు చెప్పింది, తప్పు చెప్పినట్టుంది, ముసలిది నవ్వింది. స్పందన కూడా నవ్వి ఆ మాటే మళ్లీ సరిగా చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దాని మణికట్టు చూశాను. ఏమీ లేదు.

తర్వాత మేకపిల్ల అరిస్తే లేచి పరుగెత్తింది. నేను అక్కడే కూర్చున్నాను. తిరిగొస్తుందని చూశాను, ఆటలో పడింది. అన్నం పెట్టారు, తిన్నాను. పప్పులో కారం ఎక్కువ. వేరే ఏ వంక దొరకలేదు.

వచ్చేముందు వనితను అడిగాను. "వచ్చే ఆదివారం ఇంటికి తీస్కపోనా? సాయంత్రం మల్ల నేనే తెచ్చి దింపుత."

వనిత దారం పళ్లతో కొరికింది. అరవలేదు, ఎత్తిపొడవలేదు. అరిస్తే నాకు సులువుగా ఉండేది.

"ఒద్దు వదినా," అంది. "మీరే రండ్రి."

"ఎప్పుడు రమ్మంటవ్?"

"పొద్దుగాల రండ్రి. ఎండ కాకముందు. దానికి తల స్నానం పోసేటప్పుడు ఏడుస్తది, మీరుంటే ఏడ్వదేమో."

సరేనన్నాను. స్పందన రోడ్డు దాకా రాలేదు. మేకపిల్లను ఎత్తుకుని గుమ్మంలోంచి చెయ్యి ఊపింది.

తిరుగు బస్సులో కండక్టరును అడిగాను, ఆదివారం బాన్సువాడ నుంచి ఇటు మొదటి బస్సు ఎన్నింటికని. చిల్లర చేతిలో పెడుతూ, "గంత పొద్దుగాల ఏం పనమ్మా?" అన్నాడు. టిక్కెట్టు కొట్టేవాడికి కూడా మన సంగతులన్నీ కావాలి.

"పిల్లను చూసొచ్చేతందుకు."

"మీ పిల్లనా?"

"కాదు," అన్నాను. "మా వనిత బిడ్డ."